నూకన్న తలుపు తీసిన రోజు

ఊరు ఖాళీ అయిన నాలుగోరోజు పొద్దున ఇళ్ళ తలుపులు ఆసుపత్రికి నడిచి వస్తాయి. నేను డ్యూటీకి వచ్చేసరికి గేటు బయట వరసగా నిలబడి ఉన్నాయి. పసుపు రాసినవి కొన్ని, రంగు పెచ్చులూడినవి కొన్ని. ఒకటి మాత్రం తాళంతో సహా వచ్చింది.

మా హెడ్ సిస్టర్ ఎస్తేరమ్మగారు మెట్లు దిగి వాటిని ఎగాదిగా చూస్తారు.

"ఎందుకొచ్చారు?"

"ఇళ్ళలో మనుషుల్లేరు. ఎవరికోసం తెరుచుకోవాలి?" అంటుంది ముందున్న తలుపు.

"నిజమే. కాళ్ళు కడుక్కుని లోపలికి రండి" అంటారావిడ.

రేవు మీద బాంబులు పడ్డ దగ్గర్నుంచి మాకు మంచాలు చాలడం లేదు. దెబ్బలు తగిలినవాళ్ళు సగం మంది చాపల మీదే ఉన్నారు. తలుపులు లోపలికొచ్చి ఇనప స్టాండ్ల మీద వెల్లకిలా పడుకుంటాయి. నేను దుప్పట్లు పరుస్తాను. ఏ తలుపు ఎవరికన్నది నా చేతిలో లేదు. అవే వెతుక్కుని ఒక్కొక్కరి పక్కన ఆగుతున్నాయి.

మైలపల్లి నూకన్న పక్కన ఒక పొట్టి తలుపు ఆగుతుంది. నూకన్న రేవులో బస్తాలు మోసే కళాసీ. బాంబులు పడ్డ రోజు ఎడమకాలు విరిగింది. కాలు అతుక్కుంటోంది గానీ మనిషి తరిగిపోతున్నాడు. అతని భార్య అసిరమ్మకి నెలలు నిండాయి. ఊరు పారిపోవడం మొదలైన ఆ రాత్రే ఎవరిదో ఎడ్లబండి ఎక్కి కొండల వైపు వెళ్ళిందట. తర్వాత కబురు లేదు. నూకన్న ఆరు రోజులుగా గంజి ముట్టడు, నోరు విప్పడు. నిన్న డాక్టరుగారు నన్ను వరండాలోకి పిలిచి, "ఇతను దక్కడమ్మా. కాలు వల్ల కాదు" అన్నారు. రాత్రి నాకు అన్నం సయించలేదు.

నేనూ ఇంకో సిస్టరూ పట్టి నూకన్నని తలుపు మీద పడుకోబెడతాం. అతని వేళ్ళు చెక్క అంచుని తడిమి, ఒక నొక్కు దగ్గర ఆగుతాయి.

"ఇది మా ఇంటి తలుపే" అంటాడు. ఆరు రోజుల్లో అదే మొదటి మాట. మళ్ళీ గోడవైపు తిరిగిపోతాడు.

పదకొండు గంటలకి ఎవరో తలుపు కొడతారు. వార్డు తలుపు బార్లా తెరిచే ఉంది. చప్పుడు నూకన్న వీపు కింద నుంచి వస్తోంది. నేను వంగి చూస్తాను. స్టాండు కింద గచ్చు, ఒక పింగాణీ బేసిను, అంతే. మళ్ళీ కొడతారు.

"తలుపు తియ్యవేటి? ఎంతసేపు నిలబెడతావు, కాళ్ళు పీకేస్తన్నాయి" అని ఆడగొంతు.

నూకన్న గోడవైపు నుంచి ఇటు తిరుగుతాడు. "అసిరీ!"

"నానే. తియ్యి."

"లెగలేను. కాలిరిగిపోనాది."

"గొళ్ళెం సేత్తో తీస్తారు గానీ కాలితో తీస్తారేటి?"

అతను నా వైపు చూస్తాడు. ఆవిడ చెప్పింది సబబుగానే ఉందని నేను తల ఊపుతాను. ఎస్తేరమ్మగారు కూడా వచ్చి, "మనిషి పడుకుని ఉంటే తలుపు తెరుచుకోదు నాయనా, దిగాలి" అంటారు.

నా భుజం పట్టుకుని నూకన్న దిగుతాడు. ఒంటికాలి మీద వణుకుతూ నిలబడి గొళ్ళెం తీస్తాడు. తలుపు పైకి తెరుచుకుంటుంది. ఇప్పపూల వాసన వార్డంతా కొడుతుంది. ముందు నెత్తిమీది మూట, తర్వాత కడుపు, ఆ వెనక అసిరమ్మ పైకి వస్తారు.

"ఎలా వచ్చావమ్మా?" అంటాను.

"మెట్లున్నాయి గదమ్మా. బండిమీద ఎల్తే రెండ్రోజులు పట్టీసింది. తిన్నగా వొత్తే మూడు మెట్లే."

ఆవిడ మొగుడి పక్కటెముకల్ని వేలితో ఒక్కొక్కటే తడుముతుంది. "తిండి మానేసినావేటి?"

నూకన్న ఏడుస్తాడు, ఏడుస్తూనే నవ్వుతాడు. గంజి మూడు గిన్నెలు తాగి, నంజుకోడానికి పచ్చిమిరపకాయ లేదా అని నన్ను కోప్పడతాడు. వార్డులో చేతులు బాగున్నవాళ్ళు చప్పట్లు కొడతారు. చేతులకి కట్లున్నవాళ్ళు ఈల వేస్తారు. నేను వరండాలోకెళ్ళి, ఎవరూ చూడకుండా రెండుసార్లు గెంతి వస్తాను.

మధ్యాహ్నం అసిరమ్మకి నొప్పులు మొదలవుతాయి. ఎస్తేరమ్మగారు తలుపు మూసి ఆవిణ్ణి దానిమీద పడుకోబెడతారు. "ఇప్పుడు నీ వంతు, నిలబడు" అంటారు నూకన్నతో. అతను భార్య చెయ్యి పట్టుకుని నిలబడతాడు. కాలు విరిగిన సంగతి గుర్తుచేసుకోవడానికి అతనికి తీరిక లేదు.

మూడింటికి సైరన్ మోగుతుంది. కందకాల్లోకి పదండని అరుస్తాను. ఒక్కరూ కదలరు.

"పుట్టేవాళ్ళు వస్తూంటే మనం బయటికి పోతే ఏం బావుంటుందమ్మా?" అంటాడు మూలనున్న ముసలి నావికుడు. నేనూ ఉండిపోతాను.

ఆడపిల్ల పుడుతుంది. ఏడుస్తుంది. సైరన్ మధ్యలో ఆగి కాసేపు వింటుంది. తర్వాత సిగ్గుపడి గొంతు తగ్గించుకుంటుంది. విమానాలు రావు.

పాప రెండో ఏడుపుకి, విమానాలకి దీపాలు కనపడకుండా కిటికీ అద్దాలకి అంటించిన నల్లకాగితాలు అంచులు లేపుతాయి. మూడో ఏడుపుకి అవన్నీ కాకులై ఎగిరిపోతాయి. ఎన్నాళ్ళుగానో బయట ఆగిపోయిన ఎండ కిటికీల్లోంచి ఒక్కసారిగా లోపలికి దూకి, గచ్చు మీద నిండుతుంది. చూస్తూండగానే చీలమండలు దాటుతుంది.

ఎస్తేరమ్మగారు కూర్చోగా నేనెప్పుడూ చూడలేదు. ఆవిడ ఆ ఎండలోనే చతికిలబడి, కాళ్ళు బారజాపి, పాపని కాళ్ళమీద బోర్లా పడుకోబెట్టుకుంటారు. "చెంబు" అంటారు. అందిస్తాను. చెంబుతో ఎండ ముంచి, అరచెయ్యి అడ్డం పెట్టి, పాప వీపుమీద పోస్తారు. పాప ఏడుపు మానేస్తుంది.

పాప ఒంటిమీంచి జారిన ఎండ మెట్లు దిగి ఖాళీ వీధుల్లోకి పారుతుంది. అందులో వెండి చేపలు ఎగిరెగిరి పడుతున్నాయి. నేను చీర కుచ్చిళ్ళు ఎగదోపుకుని వీధిలోకి దిగుతాను. మోకాళ్ళ లోతు ఉంది. గోరువెచ్చగా ఉంది.