అర నిమిషం ఆగే తెర

మొలక అనే మా ఆపరేటింగ్ సిస్టమ్ ఐదో విడుదల వచ్చిన ఐదు రోజులకు దాని మీద ఏడు సమీక్షలు వచ్చాయి. నాలుగు బ్లాగులు, రెండు ఇంగ్లిష్ వెబ్‌సైట్లు, ఒక తెలుగు దినపత్రిక ఆదివారం పేజీ. అన్నీ రెండేసి సార్లు చదివాను. అందరూ మెచ్చుకున్నారు. పాత కంప్యూటర్ల మీద ఇంత చురుగ్గా నడిచే ఆపరేటింగ్ సిస్టమ్ ఈ మధ్య రాలేదన్నారు. తెలుగు అక్షరాలు ఎక్కడా విరగడం లేదన్నారు. ఊరికే ఇవ్వడమే కాక, లోపలి కోడ్‌ను ఎవరైనా చూసి మార్చుకునేలా తెరిచి పెట్టడం గొప్ప సంగతన్నారు. ఆ తర్వాత ఏడుగురూ ఒకే తెర దగ్గర ఆగి నవ్వారు.

ఆ తెర నాది.

కంప్యూటర్‌లో ఉన్న పాత సిస్టమ్ తీసేసి మొలకను ఎక్కించేటప్పుడు, "పూర్తి డిస్క్ వాడు" అన్నది ఎంచుకుంటే ఆ తెర వస్తుంది. "మీరు C అనీ D అనీ పిలిచేవి రెండూ ఈ ఒక్క డిస్క్‌లోనే ఉన్నాయి. ముందుకు వెళ్తే రెండూ చెరిగిపోతాయి" అని చెప్తుంది. D లో ఉన్న ఫోల్డర్ల పేర్లు వరసగా చూపిస్తుంది. వీటి నకలు వేరే చోట ఉందా అని అడుగుతుంది. "లేదు, వెనక్కి" అన్న మీట వెంటనే పనిచేస్తుంది. "ఉంది" అన్న మీట మాత్రం అర నిమిషం దాకా పనిచేయదు.

ఆదివారం పేజీలో రాసే పట్టాభిరామయ్యగారు రిటైరైన ఇంజనీరు. మా ఇంట్లో ఆ పేజీ నేనే ముందు చదువుతాను. ఆయన పదికి ఎనిమిది మార్కులు వేసి, "అన్నీ బాగున్నాయి గానీ, ఆ తెర మాత్రం గుమ్మంలో అడ్డం నిలబడి ఎక్కడికి, ఎందుకు, తాళం వేశావా అని అడిగే అత్తగారిలా ఉంది" అని రాశారు. సాయంత్రానికి బ్లాగులన్నీ దానికి అత్తగారి తెర అని పేరు పెట్టేశాయి.

మా అత్తమ్మ ముత్తమ్మకు ఆ ముక్క చదివి వినిపించాను. ఆమె చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తూ విన్నది.

"అత్తలు అడుగకుంటే మీ ఇండ్లల్ల సగం సామాన్లు ఉండయి" అంది. "గట్లని రాయి ఆయనకు."

అర నిమిషం లెక్క అత్తమ్మ దగ్గరిదే. తెర మీది మాటలు కాగితం మీద రాసి ఆమె చేత చదివించి, గడియారం పట్టుకుని కూర్చున్నాను. వయోజన విద్యలో నేర్చుకున్న అక్షరాలు ఆమెవి. ఇరవై ఎనిమిది సెకన్లు పట్టింది. రెండు సెకన్లు ఆలోచించుకోవడానికి కలిపాను.

ఆ రాత్రి లోపే ఫణిభూషణ్‌గారి సందేశం వచ్చింది. మొలకను నడిపించే బృందానికి పెద్ద ఆయనే. ఉద్యోగం చేసుకుంటూ, మిగిలిన టైములో గాజులరామారంలోని తన ఇంటి నుంచి ఈ పని చూస్తారు. శుక్రవారం సవరణల విడుదల ఉందనీ, అందులో ఆ తెర తీసేద్దామనీ రాశారు. మా బృందంలో ఒక పద్ధతుంది. విడుదలకు ముందు జాబితాలో ఒక్కో భాగం ఎదురుగా దాన్ని పరీక్షించినవాళ్లు "సరే" అని రాయాలి. ఇన్‌స్టాల్ భాగం ఎదురుగా రాయాల్సింది నేను. మా పిల్ల పాత లాప్‌టాప్ కోసం మొలక ఎక్కించి, కనబడ్డ తప్పులన్నీ రాసి పంపుతూ పోతే, చివరికి ఆ పని నాకే అప్పగించారు.

సరే అని రాయలేదు. ఎందుకు రాయలేదో చెప్పాలంటే పోయిన ఏడాది సంగతి చెప్పాలి.

శామీర్‌పేటలో కరీంనగర్ రోడ్డు మీద రవీందర్‌కు జిరాక్స్, ఫోటోల షాపుంది. మేముండే తూంకుంట నుంచి నేను ఏ దరఖాస్తు నింపాలన్నా అక్కడికే వెళ్తాను. అతని కంప్యూటర్ మరీ నెమ్మదిగా ఉందని, అప్పటికి వచ్చిన మొలక నాలుగును ఎక్కించుకొమ్మని చెప్పింది నేనే. ముఖ్యమైనవి ఎక్కడున్నాయని అడిగాను కూడా. అన్నీ D లో ఉన్నాయన్నాడు. ఇంకేం అనుకున్నాను.

కంప్యూటర్ బిగించి ఇచ్చే ప్రతి మనిషీ మనకు చెప్పే మాటే అది. C లో ఏమీ పెట్టకండి, సిస్టమ్ పాడైతే C పోతుంది, D కి ఏమీ కాదు. ఏళ్ల తరబడి అలాగే జరిగింది కూడా. పాత సిస్టమ్‌ను ఎన్నిసార్లు తిరిగి ఎక్కించినా D లోవి D లోనే ఉన్నాయి. అందుకని మాకందరికీ D అంటే వేరే బీరువా. నిజానికి అది అదే బీరువాలో కింది అర. "పూర్తి డిస్క్" అంటే బీరువా మొత్తం. డిగ్రీలో లెక్కలు చదువుకున్న నాకూ ఆ రోజు అది తట్టలేదు. మీట నొక్కింది నేనే.

పదకొండేళ్ల ఫోటోలు పోయాయి. సిటీలో ఎవరికో డిస్క్ ఇచ్చి వెలికి తీయిస్తే సగం బూడిదరంగు చారలతో వచ్చాయి. అలియాబాద్ శంకరమ్మ భర్త పింఛను కోసం ఒక్కసారి అక్కడ ఫోటో దిగాడు. ఆయనకు ఇంకో ఫోటో ఎక్కడా లేదు. సంవత్సరీకానికి పెద్దది చేయించుకుందామని ఆమె వచ్చిన రోజు నేను షాపులోనే ఉన్నాను. తిరిగి వచ్చిన ఫోటోల్లో అది లేదు. ఆమె ఇప్పటికీ శామీర్‌పేట వచ్చినప్పుడల్లా షాపు ముందు ఆగి, దొరికిందా అని అడిగి పోతుంది. రవీందర్ నన్ను ఒక్క మాట అనలేదు. పాత సిస్టమ్‌కే తిరిగిపోయాడు, నా పెన్‌డ్రైవ్‌ను మాత్రం తన కంప్యూటర్ దగ్గరికి రానివ్వడు.

పట్టాభిరామయ్యగారు తన ఆదివారం వ్యాసాలు పెట్టుకునే బ్లాగులో ఈ సంగతంతా పేర్లు లేకుండా రాశాను. ఆయన మర్యాదగానే జవాబిచ్చారు. "మీ బాధ అర్థమైందమ్మా. కానీ డిస్క్‌లోని సమాచారం చెరిగిపోతుందన్న హెచ్చరిక అంతకుముందే ఒకటి ఉంది. అది చదివి కూడా తన డిస్క్‌లో ఏముందో తెలియని మనిషి ఆపరేటింగ్ సిస్టమ్ జోలికి రాకూడదు."

ఆ చివరి వాక్యానికి ఒక్క ముక్క జవాబు రాశాను. "తెలిసినవాళ్ల కోసం ఇప్పటికే చాలా సిస్టమ్‌లు ఉన్నాయండీ. ఇది మిగిలినవాళ్ల కోసం." దాని కింద నవ్వే బొమ్మలు పెట్టినవాళ్లు పెట్టారు.

సోమవారం పొద్దున ఫణిభూషణ్‌గారు ఫోన్ చేశారు. ఆ తెర తప్పని నేననడం లేదండీ అంటూనే మొదలుపెట్టారు. ఒక కాలేజీ తమ ల్యాబ్‌లో మొలక పెడదామనుకుని, సమీక్షలు చదివి వెనక్కి తగ్గిందట. మధ్యేమార్గం ఒకటి చెప్పారు. తెర తీసేసి, ఆ మాటల్ని పాత హెచ్చరిక కిందే చిన్న అక్షరాల్లో పెట్టడం.

"చిన్న అక్షరాలు చదివేవాళ్లకు ఆ మాట అవసరమే లేదండీ" అన్నాను.

"స్రవంతిగారూ, మీరు సరే రాయకపోతే విడుదల ఆగిపోతుంది. ఇంకో మూడు దోషాలు సరిచేశాం. అవి జనానికి అందవు. అందరూ మనల్ని చూసి నవ్వుతున్నారండీ."

"నన్ను చూసి నవ్వుతున్నారు. నవ్వనివ్వండి."

అప్పుడు నేనే అడిగాను. బుధవారం శామీర్‌పేట రండి, తెర తీసేసిన మొలకను మీరే తీసుకురండి, కంప్యూటర్ వాడే మామూలు మనిషి ఒకరి చేత ఎక్కిద్దాం. పాత హెచ్చరిక చూసి ఆ మనిషి ఆగితే అక్కడే సరే అని రాసేస్తాను. ఆగకపోతే తెర అక్షరం కూడా మారకుండా ఉంటుంది. ఫణిభూషణ్‌గారు ఒప్పుకున్నారు. ఆ మనిషి ఆగితే నేను మాట తప్పేదాన్ని కాదు.

రవీందర్‌ను అడిగితే తన మిషన్ మాత్రం ముట్టవద్దన్నాడు. పక్కనే విత్తనాల షాపు నడిపే సత్తయ్యను తీసుకొచ్చాడు. సత్తయ్య కంప్యూటర్ తెరుచుకునే లోపు చాయ్ తాగి రావచ్చు. మంగళవారం ఒకసారి చూస్తానని దాన్ని అడిగి తీసుకుని, అందులో ఉన్నవన్నీ నకలు తీసి నా సంచిలో పెట్టుకున్నాను. ఆ సంగతి సత్తయ్యకు గానీ, ఫణిభూషణ్‌గారికి గానీ చెప్పలేదు.

బుధవారం పదకొండింటికి ఫణిభూషణ్‌గారు తెర లేని పెన్‌డ్రైవ్‌తో రవీందర్ షాపుకు వచ్చారు. సత్తయ్య కళ్లద్దాలు తుడుచుకుని తన కంప్యూటర్ ముందు కూర్చున్నాడు. భాష ఎంచుకున్నాడు, ఊరు ఎంచుకున్నాడు, ప్రతి తెరా పైకి చదువుతూ పోయాడు. అంత జాగ్రత్తగా చదివే మనిషిని చూసి, నేను ఓడిపోయానేమో అనుకున్నాను. "పూర్తి డిస్క్ వాడు" నొక్కాడు. పాత హెచ్చరిక వచ్చింది. డిస్క్‌లోని సమాచారం చెరిగిపోతుంది, కొనసాగించాలా. అది కూడా గట్టిగా చదివాడు. చదివి ఆగాడు.

ఫణిభూషణ్‌గారు నా వైపు చూశారు. నేను తెర వైపే చూస్తున్నాను.

"మీ ఫోటోలు, కాగితాలు ఎక్కడున్నాయండీ?" అని ఫణిభూషణ్‌గారే సత్తయ్యను అడిగారు.

"అన్నీ D ల ఉన్నయి సార్. గీ మిషన్ బిగించినాయన జెప్పిండు, D కి ఎవ్వడు ఏం జెయ్యలేడని. C పోతె పోనియ్యి, మీరు పరేషాన్ గాకుర్రి" అని సత్తయ్య మౌస్ బాణాన్ని "కొనసాగించు" మీదికి తెచ్చాడు.

ఫణిభూషణ్‌గారు లేచి సత్తయ్య మణికట్టు పట్టుకున్నారు.

ఏమైంది సార్ అని సత్తయ్య అడిగాడు. ఫణిభూషణ్‌గారు తన పెన్‌డ్రైవ్ తీసి నా చేతికిచ్చారు. తెర ఉన్న నా పెన్‌డ్రైవ్ నేను పెట్టాను. సత్తయ్య మళ్లీ భాష, ఊరు, పూర్తి డిస్క్ వరసగా నొక్కుకుంటూ వచ్చాడు. ఈసారి హెచ్చరిక దాటాక నా తెర వచ్చింది. మొదటి రెండు వాక్యాలు చదివినప్పుడు ఆయన ముఖంలో ఏ మార్పూ లేదు. కింద ఫోల్డర్ల పేర్ల దగ్గరికి వచ్చాడు. రెండో పేరు "సుస్మిత సీమంతం".

మౌస్ మీది నుంచి చెయ్యి తీసేశాడు.

"ఇవి నా బిడ్డ ఫోటోలు. ఇవి D ల గదా ఉన్నయి. ఇవెట్ల పోతయి?"

వెనక నుంచి రవీందర్ అన్నాడు. "పోతయే. నావి పోయినయ్."

"ఉంది" అన్న మీటకు ఇంకా పదకొండు సెకన్లు మిగిలి ఉన్నాయి. సత్తయ్య "వెనక్కి" నొక్కి, కుర్చీ వెనక్కి జరిపి కూర్చున్నాడు.

బయట చాయ్ తాగుతూ ఫణిభూషణ్‌గారు, తను ఆపకపోతే నేనేం చేసేదాన్నని అడిగారు. సంచిలో నుంచి నకలున్న డిస్క్ తీసి చూపించాను. ఆయనకు కోపం వచ్చింది.

"నాకు ముందే చెప్పొచ్చు కదండీ."

"చెప్తే మీరు కుర్చీలోంచి లేచేవారు కాదు" అన్నాను.

ఆయన గ్లాసు ఖాళీ చేసి పక్కన పెట్టారు. తర్వాత, తెర ఉండనివ్వండి, ఆ కాలేజీకి నేను చెప్పుకుంటాను అన్నారు. పోనీ ఇరవై సెకన్లు చేద్దామా అని చివరి ప్రయత్నంగా అడిగారు. మా అత్తమ్మకు ఇరవై ఎనిమిది పడుతుందని చెప్పాను.

సత్తయ్యకు నకలు సంగతి అప్పుడు చెప్పాను. మా ఆడోళ్లకు జెప్పకుర్రి అన్నాడు, మొలక ఎక్కించుకున్నాడు, ఫోటోలన్నీ తిరిగి పెట్టించుకున్నాడు.

శుక్రవారం జాబితాలో సరే అని రాశాను. విడుదల ప్రకటనలో ఒక పేరా నేను రాస్తానని అడిగి రాశాను. "ఇన్‌స్టాల్‌లోని అర నిమిషం తెరను తీసేయాలని చాలామంది సమీక్షకులు కోరారు. తీసేయలేదు. ఒక్క సెకను కూడా తగ్గించలేదు. ఇది నచ్చనివారికి కోడ్ తెరిచే ఉంది, తమ కోసం తీసేసుకోవచ్చు. మేము పంచేదాంట్లో మాత్రం ఇది ఉంటుంది." కింద బృందం పేరు కాకుండా నా పేరు, తూంకుంట అని పెట్టాను.

ఆదివారం పట్టాభిరామయ్యగారు ఆ పేరా మొత్తం అచ్చు వేసి, మొండితనానికి గాను అర మార్కు తగ్గిస్తున్నానని రాశారు. దాన్ని కత్తిరించి శామీర్‌పేట వెళ్లినప్పుడు రవీందర్‌కు చూపించాను. అతను నా చేతిలోంచి తీసుకుని, ఫోటోల సైజుల బోర్డు పక్కన టేపు వేసి అంటించాడు.

నేనింకా అక్కడుండగానే శంకరమ్మ వచ్చింది. అడగబోయేదల్లా ఆగి, గా కాయిదం ఏందని అడిగింది.

"ఈ అక్కను పేపర్ల తిట్టిర్రు" అన్నాడు రవీందర్. "నీ ఇంటాయన ఫోటో పోయినట్టు ఇంకొకలది పోవద్దని కొట్లాడిందని."

శంకరమ్మ నన్ను కింది నుంచి పైదాకా చూసింది. ఆ మీట నొక్కింది నేనేనని ఆమెకు తెలుసు. రవీందర్ చెప్పలేదు, పోయిన ఏడాదే నేను చెప్పాను.

"తిట్టనియ్యి" అంది. "ఇంకో నాలుగు తిట్టనియ్యి. నువ్వైతె దాన్ని తియ్యకు."

"తియ్యను అవ్వా" అన్నాను.

ఆమె తల ఊపి, ఎప్పటిలాగే రవీందర్ వైపు తిరిగి, దొరికిందా అని అడిగింది.