కోయంబత్తూరు ట్రిప్పు

నాకు కోపం ఎక్కువ. ఈ మాట నేనే ముందు చెప్పేస్తున్నాను, తరువాత ఎవరో చెప్పగా మీరు వినడం దేనికి? ముప్పై రెండేళ్లు సర్కారు బడిలో ఇంగ్లీషు చెప్పాను. రిటైరయ్యాక ఊరికే కూర్చోలేక హన్మకొండ సుబేదారిలో మా ఇంటి ముందు గదిలో స్పోకెన్ ఇంగ్లీషు క్లాసు మొదలుపెట్టాను. బోర్డు మీద స్నేహలత అని రాసుంది గానీ, పిల్లలు నా వెనక పెట్టుకున్న పేరు వేరే. అది నాకు తెలుసని వాళ్లకి తెలియదు.

నిరుడు వానాకాలం నుంచి నా దగ్గరికి లారీ డ్రైవర్లు రావడం మొదలైంది. పోలండ్‌లో డ్రైవర్లు చాలడం లేదట. పెద్ద బండ్ల లైసెన్సు, పదేళ్ల అనుభవం ఉండి, నాలుగు ముక్కలు ఇంగ్లీషులో చెప్పగలిగితే తీసుకుంటారట. హన్మకొండలో రమాకాంత్ అనే ఏజెంటు పేర్లు రాసుకుని, ఇంగ్లీషు రానివాళ్లను నా దగ్గరికి తోలేవాడు. అట్లా వచ్చినవాడే సుదర్శన్.

సుదర్శన్‌ది కేసముద్రం. వయసు నలభై నాలుగు. ఇరవై రెండేళ్లుగా ఒక సేటు లారీ నడుపుతున్నాడు. కేసముద్రం మార్కెట్లో ఎక్కించిన మక్కజొన్న బస్తాలో, పత్తి బేళ్లో, ఏ రాష్ట్రానికి చెప్తే ఆ రాష్ట్రానికి చేరేయడం అతని పని. పోలండ్ కంపెనీ నలభై ఐదు దాటినవాళ్లను తీసుకోదు. అంటే అతనికి ఇదే ఆఖరి అవకాశం. ఈ సంగతి అతను మొదటి రోజే చెప్పి, చెప్పులు గుమ్మం బయట విడిచి, వెనక బెంచీలో కూర్చున్నాడు.

మనిషి పనిమంతుడు. అది నాకు రెండో వారంలో తెలిసింది. బయల్దేరే ముందు బండిని ఎట్లా చూసుకుంటావని అడిగితే, "రాడ్డుతోని టైర్లు కొడ్త మేడం. చప్పుడు ఇంటె తెలుస్తది. గాలి సక్కగుంటె ఠంగుమంటది, తక్కువుంటె బొద్దుమంటది" అన్నాడు. నేను దాన్ని కాస్త గొప్పగా, పుస్తకంలో ఉన్నట్టు ఇంగ్లీషులో రాసిచ్చాను. పాపం, ఆ వాక్యం చెప్పడానికి రెండు రోజులు అవస్థపడ్డాడు.

"నోట్లె బెల్లం పెట్టుకున్నవా సుదర్శన్? జర గట్టిగ చెప్పు!" అని అరిచేదాన్ని.

"లారీ నడుపుడే నయముండె మేడం" అనేవాడు నవ్వుతూ.

రమాకాంత్ ఇచ్చిన ప్రశ్నల్లో ఒకటి, మీరు చేసిన అన్నిటికంటే కష్టమైన ప్రయాణం ఏది అని. సుదర్శన్ చాలాసేపు ఆలోచించి కోయంబత్తూరు ట్రిప్పు చెప్పాడు. పత్తి బేళ్ల లోడు. కర్నూలు దాటాక రెండో డ్రైవర్‌కి జ్వరం వస్తే దవాఖానలో దింపేశాడు. మిల్లు వాళ్లకి మాట ఇచ్చానని సేటు ఒకటే ఫోన్లు. ఇతనొక్కడే, నిద్ర లేకుండా, మొత్తం ముప్పై ఒక్క గంటల్లో బండిని మిల్లు గేటు ముందు ఆపాడు. నాకు ఒళ్లు పులకరించింది. ఇంత మొనగాడు నా వెనక బెంచీలో నోరు మూసుకుని కూర్చున్నాడా అనుకున్నాను. ఆ రోజే కూర్చుని పదకొండు వాక్యాలు రాశాను. నా సర్వీసులో అంత ఇష్టంగా రాసింది ఇంకేదీ లేదు.

"మేడం, అది వద్దు. నాగ్‌పూర్ ట్రిప్పు చెప్త" అన్నాడు మరునాడు.

"ఎందుకు? నాగ్‌పూర్‌ల ఏమున్నదట?"

"ఏం లేదు మేడం. వానల రోడ్డు తెగింది. ఒక రోజు ఆగిన."

"ఆగింది చెప్తె ఎవడు నౌకరిస్తడయ్యా నీకు? సోమరిపోతువనుకుంటరు. నోరు మూసుకొని ఇదే నేర్చుకో."

రెండు రోజుల తర్వాత మళ్లీ అడిగాడు. ఈసారి ఇంకా గట్టిగా తిట్టాను. ఇక అడగలేదు. పదకొండు వాక్యాలూ బట్టీ కొట్టేశాడు.

ఇంటర్వ్యూ శనివారం మధ్యాహ్నం, మా ఇంట్లోనే, నా కంప్యూటర్ మీద. గదిలో ఇంకెవరూ ఉండకూడదని కంపెనీ షరతు. నేను బీరువా పక్కన, కెమెరాకి కనపడకుండా కుర్చీ వేసుకుని కూర్చున్నాను. పరీక్షల్లో కాపీ కొట్టే పిల్లల్ని చెవి పట్టుకుని బయటికి ఈడ్చిన మనిషిని నేను. ఆ రోజు మాత్రం సిగ్గు అనిపించలేదు.

తెర మీదికి వచ్చినాయనకు నెరిసిన గడ్డం, పెద్ద చేతులు. తానూ ఒకప్పుడు లారీ నడిపినవాణ్నేనని చెప్పుకున్నాడు. ఇంగ్లీషు నెమ్మదిగా, తేలికగా మాట్లాడుతున్నాడు. సుదర్శన్ మొదటి నాలుగు ప్రశ్నలూ దాటేశాడు. ఆ తర్వాత నేను ఎదురుచూస్తున్న ప్రశ్న రానే వచ్చింది. సుదర్శన్ పదకొండు వాక్యాలూ ఒక్కచోట కూడా తడబడకుండా చెప్పాడు. నేను బీరువా పక్కన సంతోషంతో ఉబ్బిపోయాను.

ఆయన నవ్వలేదు. కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టాడు.

"ముప్పై ఒక్క గంటలు. ఎక్కడ పడుకున్నావు?"

"నో స్లీప్, సర్."

"మా బండ్లలో ఒక మీటరు ఉంటుంది. నాలుగున్నర గంటలు నడిపితే ఆపాల్సిందే, ముప్పావు గంట విశ్రాంతి తీసుకోవాల్సిందే. ఆపకపోతే అది పట్టిస్తుంది, ఉద్యోగం పోతుంది. ఇప్పుడు చెప్పు. రేపు నీ యజమాని మళ్లీ అట్లాగే పొమ్మంటే పోతావా?"

ఈ ప్రశ్న మా కాగితంలో లేదు.  నేను మురిసిపోయి రాసిన పదకొండు వాక్యాలే ఇతని ఉద్యోగానికి ఉరితాడయ్యాయని అప్పుడు అర్థమైంది. చెప్పనన్న మనిషిని తిట్టి మరీ చెప్పించింది నేనే.

 సుదర్శన్ కంప్యూటర్ వైపు కాకుండా బీరువా వైపు తిరిగాడు.

"మేడం, ఇది నాకు ఇంగ్లీషుల రాదు. మీరు చెప్పున్రి."

"అక్కడ ఎవరున్నారు?" అన్నాడాయన.

తల వంచుకుని కెమెరా ముందుకు వచ్చాను. టీచర్నని చెప్పి, క్షమించమన్నాను. ఆయన నన్ను కాసేపు చూసి, సరే, అతను చెప్పింది చెప్పినట్టు చెప్పండి అన్నాడు.

సుదర్శన్ చేతులు ఒళ్లో పెట్టుకుని తెలుగులో మొదలుపెట్టాడు.

"ధర్మపురి టోల్‌గేటు యాదికున్నది సార్. ఆన్నించి కొంచెం పోతె తొప్పూర్ ఘాటు. మస్తు దిగుడు. ఖాళీ బండి గూడ పానం అరచేతుల పెట్టుకొని దింపాలె. నాది ఫుల్ లోడు. ఆ ఘాటు నాకు యాదికి లేదు. ఒక్క మలుపు గూడ యాదికి లేదు. తెలివికొచ్చేసరికి బండి కింద రోడ్డు మీద పోతాంది, నా చేతులు స్టీరింగ్ మీదనే ఉన్నయి. పొద్దు పొడిసింది."

నేను అంతవరకు ఇంగ్లీషులో చెప్పాను. ఆయన తల ఊపాడు.

"బండి పక్కకు ఆపి బంపర్ చూసిన. చేత్తోని మొత్తం తడిమిన, నెత్తురేమన్న ఉన్నదేమోనని. ఏం లేదు. అయినా మనసు నిలవడలే. కోయంబత్తూరుల తమిళ్ పేపర్ కొన్న. వాపసొచ్చెటప్పుడు తొవ్వల గూడ కొన్న, మూడు రోజులు. నాకు తమిళం సదువరాదు సార్. యాక్సిడెంట్ ఫోటోలు చూసిన. లారీ గుద్దిందేమన్న ఉన్నదా అని."

నేను ఆగిపోయాను. ఇప్పుడు నిజం చెప్పాలా? ఒక్క మాట మారిస్తే చాలు. అప్పట్నుంచి ఎంతో జాగ్రత్తగా నడుపుతున్నాడని ఒక చక్కని వాక్యం పడేస్తే, పేపర్లూ నెత్తురూ ఏవీ పోలండ్ దాకా పోవు. సుదర్శన్‌కి తెలిసేది కూడా కాదు. కానీ అతను నా నోటి వైపే చూస్తున్నాడు. ఇరవై రెండేళ్ల డ్రైవరు, తనకి రాని భాషలో తన మాట సరిగ్గా పోతోందా లేదా అని చూస్తున్నాడు. ఉన్నదున్నట్టు చెప్పాను. పేపర్ దగ్గరికి వచ్చేసరికి వాక్యం తప్పింది, మళ్లీ మొదటి నుంచి చెప్పాల్సి వచ్చింది.

"మరి మా దేశానికి ఎందుకు రావాలనుకుంటున్నావు?" అని అడిగాడాయన. దీనికి కూడా నేను మూడు వాక్యాలు నేర్పాను. సుదర్శన్ వాటిని ముట్టుకోలేదు.

"ఆడ ఆగుమని బండే చెప్తదట గద సార్. ఈడ ఆగుమన్నోడు ఒక్కడు లేడు."

ఆయన చాలాసేపు ఏదో రాసుకున్నాడు. తరువాత, డ్రైవర్‌గా నీమీద నాకు అనుమానం లేదు, కానీ రోడ్డు మీద పోలీసుతో మాట్లాడాల్సింది నువ్వే, ఈ ఇంగ్లీషు సరిపోదు అన్నాడు. మూడు నెలలు నేర్చుకో, మళ్లీ నేనే మాట్లాడతాను, ఈసారి మీ టీచరు బయట కూర్చోవాలి అన్నాడు. మూడు నెలల తర్వాత కూడా సుదర్శన్‌కి నలభై ఐదు నిండటానికి ఇంకా టైముంటుంది. వేళ్ల మీద లెక్కపెట్టుకుని, అప్పుడు ఊపిరి పీల్చాను.

కంప్యూటర్ ఆపాను. నాకు సిగ్గేసింది. దాన్ని దాచుకోవడానికి కోపం తెచ్చుకున్నాను.

"నాకు ముందే ఎందుకు చెప్పలేదు? ఒక్క ముక్క చెప్తె నీ నోరేమన్న పడిపోతుండెనా?"

"చెప్పిన గద మేడం."

"ఏం చెప్పినవ్? నిద్ర లేకుంట ముప్పై ఒక్క గంటలు నడిపిన అన్నవు."

"అదే చెప్పిన." తల వంచుకున్నాడు. "సేటుకు చెప్పిన, శాబాష్ అన్నడు. మావోళ్లకు చెప్పిన, మొగోడివిరా అన్నరు. ఇంట్ల నా పెండ్లాం యాకమ్మకు చెప్తె దిష్టి తీసింది. ఎవలన్న ఒక్కలు తిడ్తరేమో అని చెప్పిన మేడం. మీరు మస్తు కోపంగలోళ్లని రమాకాంత్ చెప్పిండు. మీరన్న తిడ్తరనుకున్న."

 కామా మరిచిపోతే తిట్టాను, గొంతు లేవకపోతే తిట్టాను, చివరికి ఈ కథ చెప్పనన్నందుకూ తిట్టాను. తిట్టాల్సిన ఆ ఒక్కదానికి మురిసిపోయి పదకొండు వాక్యాలు రాసిచ్చాను.

"లే. లేచి నిలబడు" అన్నాను.

నిలబడ్డాడు. అప్పుడు తిట్టాను. "బుద్ధి ఉన్నదా నీకు? ఆ ఘాట్ల ఎదురుంగ ఎవలన్న వస్తె? సైకిల్ మీద ఒక ముసలాయన వస్తె? నీ బండి కిందికి బడిపిల్లలు వస్తె? నువ్వు పోతె యాకమ్మ ఏం గావాలె? సేటు చెప్తె సస్తవా? ఫోన్ బందు పెట్టి, పక్కకు ఆపి పండుకోనీకి ఏం రోగం నీకు?" నా గొంతు వీధిలోకి వినిపించి ఉంటుంది. ఏడుస్తున్నానని నాకు తెలుసు, అయినా ఆపలేదు.

అలసిపోయి ఆగాక, సుదర్శన్ చొక్కా చేతితో కళ్లు తుడుచుకున్నాడు.

"ఇంక జర తిట్టున్రి మేడం" అన్నాడు.