బిగించిన మూత

మూడో డబ్బా మూతను అరచేత్తో నొక్కి, కుడివైపుకు తిప్పి, చాలదనిపించి మరో పావు చుట్టు బిగించాడు. చూపుడు వేలితో అంచంతా తడిమాడు. ముప్ఫయ్యొక్క ఏళ్లుగా రోజూ ఇంతే. ఆ వేలి కొస ఎంత నున్నగా అరిగిందంటే, ఫ్యాక్టరీ గేటు దగ్గరి వేలిముద్ర యంత్రం అతన్ని గుర్తుపట్టడం మానేసింది.

ఆ డబ్బాల్లో ఉండేది నల్లటి నికెల్ పొడి. రియాక్టరులో మరిగే నూనెలో కాస్త వేస్తే చాలు, నూనె హైడ్రోజన్‌ను పీల్చుకుని వనస్పతిగా గడ్డకడుతుంది. గాలో తేమో సోకిందా, చూడ్డానికి అదే పొడి, చేవ మాత్రం ఉండదు. అందుకే ఆ స్టోరు గది ఇరవైరెండు డిగ్రీలు దాటకూడదు.

గోడమీద థర్మామీటరు ముప్ఫయ్యారు చూపిస్తోంది. గదిని చల్లబరిచే యంత్రం ఆగి నలభై రోజులైంది. అతను పుస్తకం తెరిచి, గుండ్రటి చేతిరాతతో ఇరవైరెండు అని రాశాడు. మొదటిరోజు ఉన్నదున్నట్టు రాయబోతే సూపర్‌వైజరు ఆపాడు.

"ఇరవైరెండే రాసెయ్యండి. రేపు మెకానిక్ వస్తాడుగా."

మెకానిక్ రాలేదు. అతను మూడుసార్లు గుర్తుచేసి ఊరుకున్నాడు. అలవాటు చేతిని నడిపించింది.

పదింటికి రియాక్టరు కుర్రాడు తలుపులోంచి తొంగిచూశాడు. "మూతల మామా, నీ పొడి నిద్రపోతోంది. హైడ్రోజన్ ముట్టట్లేదు. నిన్ను పైకి రమ్మంటున్నారు."

మేనేజరు ముందు అతని పుస్తకం తెరిచి ఉంది.

"గది బాగానే ఉందిగా, రోజూ ఇరవైరెండే. మరి తేమెలా దిగింది? మూతలు సరిగ్గా పెట్టలేదన్నమాట."

"వేడికి మూతల్లో రబ్బరు మెత్తబడిందండి. సూపర్‌వైజరుగారే ఇరవైరెండని రాయమన్నారు."

"నేనెప్పుడన్నాను?" అన్నాడు సూపర్‌వైజరు, తన బూట్ల వైపు చూస్తూ.

"చేతిరాత మీదే కదా?" అని మేనేజరు పుస్తకం అతనివైపు తిప్పాడు.

"నాదేనండి."

"రేపట్నుంచి రానక్కర్లేదు."

రిటైరవడానికి ఇంకా ఏడు నెలలుంది. కిందికి దిగి, తాళాలు మేకుకు తగిలించాడు. వెళ్లబోయి వెనక్కొచ్చి, నాలుగో డబ్బా అంచు మరోసారి తడిమాడు.

మధ్యాహ్నానికి ఇంటికి చేరాడు. భార్య కుట్టుపని చేసే దుకాణం నుంచి ఇంకా రాలేదు. తనే టీ పెట్టుకుని సగం తాగాడు. టీపొడి డబ్బా మూత తిప్పి, మరో పావు చుట్టు బిగించి, పొయ్యి పక్కన పెట్టి పడుకున్నాడు. ఆ ఇంట్లో ఏ మూతైనా అంతే. "మా ఆయన చేతికిస్తే గాలికి కూడా మూత పెట్టేస్తాడు" అని ఆవిడ ఇరుగుపొరుగుతో అంటుంటుంది.

సాయంత్రం వచ్చి పొయ్యి వెలిగించింది. "ఏమండీ, కాస్త ఈ మూత తీసిపెడుదురూ." రెండోసారి పిలిచి, డబ్బాతోనే గదిలోకి వెళ్లింది. అతని చెయ్యి చల్లబడి చాలాసేపైంది.

వచ్చినవాళ్లంతా వెళ్లిపోయాక, వారానికి రియాక్టరు కుర్రాడు వచ్చాడు. ఆరోజు జరిగింది చెప్పాడు.

"మూతలు సరిగ్గా పెట్టలేదని పంపించేశారు అత్తా."

"ఆయనా?"

ఆవిడ లేచి టీపొడి డబ్బా తెచ్చి అతని చేతికిచ్చింది. "తియ్యి."

తిప్పాడు. చొక్కా అంచుతో పట్టి తిప్పాడు. మోకాళ్ల మధ్య ఇరికించి తిప్పాడు. అరచేతులు ఎర్రబడ్డాయి. అతను తలెత్తకుండా డబ్బాను బల్లమీద పెట్టేశాడు.

అది అక్కడే ఉండిపోయింది, అంచు చుట్టూ వెంట్రుకవాసి సందైనా లేకుండా.