వాపసొచ్చిన చెక్క

1964 మార్చి. మిట్టమధ్యాహ్నపు ఎండలో, ఉరవకొండ నూనె మిల్లు ఆవరణలో వేరుశనగ ఒలుస్తున్న ఆడవాళ్ళ ముందునుంచి నీళ్ళ కుండలు తీయించేశాడు యజమాని తిప్పేస్వామి.

"ఈపొద్దు నుంచి పొడి బుడ్డలే ఒలవాల. సుక్క నీళ్ళు తగలగూడదు."

ఎండిన వేరుశనగ బుడ్డలు రాయిలా ఉంటాయి. తడిపి గోనె కప్పితే పొట్టు మెత్తబడి వేళ్ళు బతికేవి. తడి గింజ తూకమూ ఎక్కువ తూగేది. గింజ బయటికి అమ్మేటప్పుడు ఆ అదనపు తూకం తిప్పేస్వామిది. పొద్దుగూకే దాకా ఒలిస్తే పన్నెండణాలు వాళ్ళవి. పదేళ్ళుగా ఇరువైపులా గిట్టిన బేరం.

దాన్ని సముద్రం అవతలి సీమదేశంవాళ్ళు చెడగొట్టారు. తడి గింజకు బూజు పడుతుందట. నూనె తీయగా మిగిలిన చెక్కలో ఆ బూజు విషమై అక్కడి కోళ్ళు చచ్చాయట. కొత్త నిబంధన పెట్టి కొనుగోలు రద్దు చేశారు. మద్రాసు రేవు దాకా పోయిన చెక్క రైల్లో వెనక్కొచ్చింది. అదే వారం ఆ సీమదేశం రేవులో అమెరికా సోయా చెక్క దిగిందని మద్రాసు ఏజెంటు చెప్పాడు. ఇందులో భయమెంతో, బేరమెంతో తిప్పేస్వామి తేల్చుకోలేకపోయాడు. తేల్చుకున్నా అడిగే చోటు లేదు. ఢిల్లీవాళ్ళు ఆ దేశంతో కూర్చుని మాట్లాడేలోగా సరుకు పురుగు పడుతుంది. నష్టాన్ని చేతికందే చోట దింపుకోవాలి. అతని చేతికందేది ఈ ఆవరణే.

"పొడివైతే సగం గూడా ఒలవలేము సామీ. కూలి?" అందరిలోకీ పెద్దదైన తిరుపాలమ్మ అడిగింది.

"ఒలిసినంతకే."

"నీళ్ళు సల్లమనింది నువ్వే గదప్పా! అప్పుడు తూకం నీకు, ఇప్పుడు తిప్పలు మాకా?"

"సీమలో కోళ్ళు సచ్చినాయని ఈడ మన గోళ్ళు ఊడాలంటమ్మో!" వెనకనుంచి ఎవరో అన్నారు. నవ్వు లేచి అంతలోనే ఆగిపోయింది.

సాయంత్రం కూలికి బదులు ఆ వాపసొచ్చిన చెక్కనే తూయించాడు. దుడ్లు సరుకులో చిక్కుకున్నాయి, సరుకు కుళ్ళిపోతోంది. రెండు బాధలూ ఒక్క తక్కెడతో తీరతాయని అతని లెక్క. పశువులున్నవాళ్ళు కొంగు పట్టారు. లేనివాళ్ళూ పట్టారు, అమ్ముకోవచ్చని.

చిన్నక్క వంతొచ్చింది. మొగుడు పోయినాక ఇద్దరు బిడ్డల్ని సాకుతున్నది ఆమె ఎనుము పాలే.

"ఇది తిని సీమకోళ్ళు సచ్చినాయంటివే. నా ఎనుము ఏం పాపం సేసింది?"

"ఎనుముకేం గాదులేమ్మా. ఒళ్ళు పెద్దది గదా."

"నీ ఆవులకు పెట్టినావా?"

తిప్పేస్వామి తన ఆవులకు పొద్దున పత్తి గింజలు పెట్టించాడు.

"కావాలంటే తీసుకో. లేదంటే రేపట్నుంచి రావద్దు. నీ సోటుకు శానామంది ఉండారు."

అది బెదిరింపు కాదు, ఉన్నమాట. వానల్లేని ఊళ్ళ నుంచి వచ్చి గేటు బయట కూర్చున్నవాళ్ళు ఆమెకూ కనబడుతున్నారు.

చిన్నక్క కొంగులోని చెక్క తీసి తక్కెడలో పెట్టేసింది.

"నా కూలి దుడ్లు ఇయ్యప్పా" అని అక్కడే నేలమీద కూర్చుంది.

వెనకున్న తిరుపాలమ్మ ఆమె మొహం చూడకుండా పక్కనుంచి ముందుకొచ్చి కొంగు పట్టింది. తిప్పేస్వామి తక్కెడలో ఉన్న చెక్కనే ఎత్తి అందులో వేశాడు.

చిన్నక్క లేవలేదు. ఆమె చుట్టూ తిరిగి వరస కదులుతూనే ఉంది.