ఫ్యాను గారి కచేరీ

మా మనవరాలి కాలేజీలో ఒక సీలింగు ఫ్యాను బీఏ చదివింది. నమ్మనివాళ్ళు లేచి కాసిని మంచినీళ్ళు తాగి రండి, ఈలోగా నమ్మేవాళ్ళకి మిగతాది చెబుతాను. నా మాటలో అబద్ధముంటే ఈ చేతికర్ర చిగురిస్తుందని మా బళ్ళో పంతులుగారి మీద ఒట్టు పెట్టుకున్నవాణ్ణి. ఇంతవరకు చిగురించలేదు. ఒకసారి మాత్రం చిన్న మొటిమలాంటిది లేచింది గానీ అది వేరే కథ.

ఆ కాలేజీకి సొంత రేడియో ఉంది. సైకిల్ స్టాండు మీద ఒకే ఒక్క గది. చప్పుడు బయటికి పోకుండా గోడల నిండా కోడిగుడ్ల అట్టలు అతికించారు. లోపల ఒక బల్ల, ఒక మైకు, ఒక టెలిఫోను, పైన ప్రిన్సిపాలు గారికంటే వయసులో పెద్దదైన ఫ్యాను. హాస్టళ్ళలోనూ క్యాంటీన్‌లోనూ స్పీకర్లు. మా మనవరాలు పొద్దస్తమానం అక్కడే ఉండేది కాబట్టి, మధ్యాహ్నం క్యారియర్ పట్టుకెళ్ళి అది తినేదాకా మూల స్టూలు మీద కూర్చోవడం నా ఉద్యోగం.

మనవరాలు పాటలు కడుతుంది, గిటారు వాయిస్తుంది. పక్కన డ్రమ్ములు కొట్టేవాడొకడు. పేరు దరువు. పేరు గొప్ప, ఊరు దిబ్బ. వాడి తాళం ఇక్కడ మొదలైతే పొరుగూళ్ళో తేలేది. ఇద్దరూ ఆ ఫ్యాను కిందే సాధన చేసేవారు. ఏటా కాలేజీ వార్షికోత్సవం రోజున ఒక్క బృందానికే స్టేజీ ఇస్తారు. ఎవరికివ్వాలో రేడియో వినేవాళ్ళు ఫోన్లు చేసి చెప్పాలి. మనవరాలు పోటీకి వెళ్ళిన ప్రతి ఏడూ ఓడింది. ఇది దాని ఆఖరి ఏడు.

"ఒక్కసారి తాతయ్యా, ఒక్కసారి అంతమంది ముందు నా పాట పాడేస్తే చాలు. ఆ తర్వాత కుట్టుమిషన్ నేర్చుకోమన్నా నేర్చుకుంటా," అనేది ముద్ద నోట్లో పెట్టుకుని.

రేడియోలో మాట్లాడే కుర్రాణ్ణి అందరూ గొట్టం అంటారు. బయట వాడిది పిల్లికూన గొంతు, మైకు ముందుకొస్తే నూతిలోంచి వచ్చినట్టుండేది. సీనియర్ల నుంచి వాడికి సంక్రమించిన చట్టం ఒకటుంది: రేడియోలో తప్పు జరగదు, జరిగిందంతా కావాలనే జరిగింది. ఒకరోజు మైకులో తుమ్మి, "ఇది మన రేడియో కొత్త స్వాగత సంగీతం," అన్నాడు. ఇంకోరోజు టైము తప్పు చెప్పి, మీ గడియారాలే సరిచేసుకోండన్నాడు. ఆ రోజు కాలేజీ గంట ముందే వదిలారు.

అలాంటివాడు ఒక మధ్యాహ్నం పాట పెట్టి టీకి దిగాడు. టీ దగ్గర ఎవరితోనో వాదన పడింది. పాట అయిపోయింది. మైకు తెరిచే ఉంది. నేను క్యారియర్‌తో క్యాంటీన్ ముందు నుంచి వస్తున్నాను కదా, స్పీకర్లోంచి వినపడుతోంది: కిర్రు... కిర్రు... టక్. కిర్రు... కిర్రు... టక్. క్యాంటీన్ మొత్తం గ్లాసులు గాల్లో ఎత్తి పట్టుకుని బొమ్మల్లా నిలబడిపోయింది.

గొట్టం పరుగెత్తుకుంటూ పైకొచ్చేసరికి ఫోను గిలగిల కొట్టుకుంటోంది. "ఎవరండీ వాళ్ళు? మళ్ళీ వెయ్యండి!"

వాడు చెమట తుడుచుకుని పైకి చూశాడు. నూతి గొంతు తెచ్చుకుని, "మీరు విన్నది ఒక కొత్త బృందం. పేరు... 'మూడు రెక్కలు'," అన్నాడు.

అంతే. వారం తిరిగేసరికి వరండాల్లో పిల్లలు కిర్రు కిర్రు టక్ అంటూ నడుస్తున్నారు. ఊళ్ళో చెప్పులు కుట్టేవాడి దగ్గరికి పోయి, కొత్త చెప్పులకు కిర్రు పెట్టించుకునేవాళ్ళు కొందరు. సంగీతం లెక్చరర్ గారైతే, ఆ 'టక్'లో నేటి మనిషి ఒంటరితనం ఉందని ఉపన్యాసమిచ్చి తానే ఏడ్చారు. అది ఫ్యానని తెలిశాక మోజు ఇంకా పెరిగింది, ఓట్ల ఫోన్లన్నీ మూడు రెక్కలకే.

"నేను ఫ్యాను చేతిలో ఓడిపోతున్నా తాతయ్యా," అంది మనవరాలు.

"మనిషి చేతిలో ఓడితే నామర్దాగానీ, ఫ్యానుకి చేతులే లేవు కదే?"

"నీ జోకులు క్యారియర్లో పెట్టుకుని ఇంటికి తీసుకుపో."

అది తిన్నగా ప్రిన్సిపాలు గారి గదికి పోయింది. వెనకే నేనూ. "సార్, స్టేజీ ఎక్కేవాళ్ళు మన స్టూడెంట్లే అయ్యుండాలని రూలు. ఫ్యాను స్టూడెంటు కాదు కదండీ!"

ఆయన కళ్ళజోడు తుడుచుకుని చాలాసేపు ఆలోచించారు. "కాదా? మంచిదానివమ్మా, గుర్తు చేశావు. అయితే చేర్చేసుకుందాం."

బీఏ హిస్టరీలో సీటిచ్చారు. ఫ్యాను కిందికి రాలేదు కాబట్టి లెక్చరరే మెట్లెక్కి వచ్చేవాడు. హాజరు నూటికి నూరు. ఏ ప్రశ్న అడిగినా తిరిగి తిరిగి మొదటికే వచ్చేది. మిగతా పిల్లలూ అంతే కనుక మార్కులు సమానంగా వేశారు.

ఒక సాయంత్రం గదిలో ఎవరూ లేనప్పుడు మనవరాలు ఎక్కడినుంచో నూనె డబ్బా తెచ్చింది. స్టూలెక్కింది. నేను స్టూలు పట్టుకున్నాను.

"పోసెయ్యి. ఒక్క చుక్కతో నోరు మూతపడుద్ది," అన్నాను.

డబ్బా ఎత్తింది, దించింది. మళ్ళీ ఎత్తి, కిందికి దిగిపోయింది.

"నూనె పోసి గెలిస్తే అది గెలుపేనా తాతయ్యా?"

"ఏం, నీకంటే బాగా పాడుతోందా అది?"

"లేదు! కానీ తాళం తప్పదు, వెధవది," అని కళ్ళు తుడుచుకుంది.

వార్షికోత్సవం రానే వచ్చింది. ఫ్యానును విప్పి, దిండు మీద పడుకోబెట్టి, నలుగురు మోసుకొచ్చి, స్టేజీ మీద ఇనప చట్రానికి వేలాడదీశారు. మైదానం నిండా జనం, ఇసకేస్తే రాలదు. మనవరాలికీ దరువుకీ తెర వెనక కుర్చీలు మోసే పని అప్పగించారు. ప్రిన్సిపాలు గారు, "మన కాలేజీ ముద్దుబిడ్డ," అంటూ ప్రసంగం చేసి స్విచ్చి వేశారు.

ఫ్యాను తిరిగింది. నిమ్మళంగా, నున్నగా, వెన్నలో వేలు తిప్పినట్టు తిరిగింది. కిర్రూ లేదు, టక్కూ లేదు.

ముందు జనం అది ఆలాపన అనుకున్నారు. సంగీతం లెక్చరర్ గారు "ఆహా, మౌనం!" అని చప్పట్లు కొట్టారు. కాసేపటికి ఎవడో ఈల వేశాడు. గొట్టం రేడియో గదికి పరుగెత్తి, అంతే వేగంగా తిరిగొచ్చి, తెర వెనక కూలబడ్డాడు.

"కొంప మునిగిందక్కా! పైకప్పులో కొక్కెం ఒక్కటే గాలికి కిర్రుమంటోంది! పాడింది ఫ్యాను కాదు, కొక్కెం!"

ఇంట్లో పులి, వీధిలో పిల్లి అంటే ఇదే. అందరూ గాయకుణ్ణి తెచ్చామనుకుని గొంతు ఇంట్లో వదిలేసి వచ్చారు.

"పోయి ఆ మాట మైకులో చెప్పు," అంది మనవరాలు.

"తప్పు ఒప్పుకోవడం మన చట్టంలో లేదక్కా! నీ కాళ్ళు పట్టుకుంటా. రోజూ దాని కిందే పాడావు కదా, ఒక్క కిర్రు... ఒక్కటంటే ఒక్కటి..."

"నన్ను ఓడించినదానికి నేను గొంతివ్వాలా?"

బయట ఈలలు పెరిగాయి. గొట్టం చేతిలోని మైకు ముందుకు చాచాడు. మనవరాలు ఫ్యాను వంక చూడలేదు, నా వంకా చూడలేదు, ఆ మైకు వంకే చూసింది. లాక్కుంది.

కిర్రు... కిర్రు... టక్.

మైదానం దద్దరిల్లింది. రెండోసారి కిర్రుమంది. మూడోసారి కిర్రు సాగి సాగి రాగమైంది, రాగంలోంచి మాటలు ఊడిపడ్డాయి: వాన రాని ఊరికి గొడుగు ఉత్తరం రాసింది, మడిచి మడిచి పంపింది, విప్పేవాళ్ళు లేరంది... అది మా పిల్ల ఆ గదిలో కట్టిన పాట. దరువు తెర సందులోంచి రెక్కల్ని చూస్తూ కుర్చీ మీద వాయించాడు. వాడి జన్మలో మొదటిసారి తాళం తప్పలేదు. పాట అయ్యేసరికి ముందు వరసలో ముసలి గుమాస్తా కూడా లేచి నిలబడ్డాడు.

ఆ ఏటి బహుమతి కప్పు ఫ్యానుకే ఇచ్చారు. రెక్కకి కట్టి, ఉత్సాహం పట్టలేక మళ్ళీ స్విచ్చి వేస్తే, కప్పు ఎగిరి సంగీతం లెక్చరర్ గారి ఒళ్ళో పడింది. ఆయన తనకే అనుకుని ఇంటికి తీసుకుపోయారు.

"అందరూ విన్నారు తాతయ్యా," అంది మనవరాలు దారిలో. "నాదని మాత్రం ఒక్కరికీ తెలీదు." గిటారు నా చేతికిచ్చి ముందు నడిచింది. నేను దాన్ని భుజాన వేసుకుని వెనకే నడిచాను.

ఫ్యానును మళ్ళీ కొక్కేనికి తగిలించారు. ఆ మర్నాటి నుంచి ఒకటే ఫోన్లు, గొడుగు పాట పాడించమని. మైకు పైకెత్తి పెడితే అది కిర్రు కిర్రు టక్ అని ఊరుకునేది. "పేరు రాగానే పొగరెక్కింది," అని తిట్టారు జనం. మూడో రోజుకి గొట్టం నూతి గొంతు ఎండిపోయి మనవరాల్ని పిలిపించాడు. క్యారియర్‌తో నేనూ ఉన్నాను.

అది వచ్చి బల్ల ముందు కూర్చుంది. చెయ్యి చాచి ఫ్యాను ఆపేసింది. మైకు దగ్గరికి లాక్కుంది.

"గొడుగు పాట నాది. ఆ రోజు తెర వెనక పాడింది కూడా నేనే. గొట్టం పొరపాటున మైకు వదిలేస్తే మీరు విన్నది పాత కొక్కెం. ఇప్పుడు నన్ను వినండి."

గొట్టం రెండు చెవులూ మూసుకున్నాడు. కళ్ళముందే చట్టం చచ్చిపోయింది కదా, పాపం.

పాడింది. గది చుట్టూ గుడ్ల అట్టలు, ఫ్యాను గాలి లేదు, కొలిమిలా ఉంది. పిల్లకి చెమటలు కారిపోతుంటే చూడలేక పరీక్ష అట్ట ఒకటి తీసుకుని విసరడం మొదలుపెట్టాను. పాట చివరిదాకా విసిరాను.

ఫోను మోగింది. "ఆ అమ్మాయి ఎవరండీ? రేపు కూడా పాడించండి!" మళ్ళీ మోగింది, మళ్ళీ అదే మాట. మనవరాలి మొహం చూడాల్సింది. నన్ను కౌగిలించుకోబోయి క్యారియర్ తన్నేసింది.

ఇంకోసారి మోగింది. గొట్టం విన్నాడు. చేత్తో ఫోను మూసి, మెల్లగా తలతిప్పాడు.

"పాట బాగుందంటున్నారు. కానీ వెనకాల తాళం వేసినట్టు ఒక కిర్రు వినిపించిందట, అదెవరిదని అడుగుతున్నారు."

అది అట్ట విసిరిన నా భుజం. వయసు మీద పడ్డ కీలు కదా, మాట వినదు.

గొట్టం ఆ రోజు ఫ్యానును చూసినట్టే నన్ను కింది నుంచి పైదాకా చూశాడు.

"తాతగారూ, మీరు ఇంటరు పాసయ్యారా?"