ఖాళీ గడులు

కొత్త గౌను మెడ వెనక ఉన్న చీటీని ఆమె బ్లేడుతో ఒక్కొక్క కుట్టే విప్పుతోంది. కత్తెరతో కోస్తే మిగిలే అంచు కూతురికి గుచ్చుకుంటుంది. గుచ్చుకుంటే ఆ పూటంతా పిల్ల తల గోడకేసి కొట్టుకుంటుంది. ఆరేళ్లు నిండినా ఆ పిల్లకి వచ్చినవి పదమూడు మాటలు. పదమూడోది "ఆపు". పోయిన నెలే థెరపీలో నేర్చుకుంది.

బీమా కంపెనీ ఉత్తరం పొద్దున్నే వచ్చింది. వారానికి ఇరవై అయిదు గంటల థెరపీని పదికి కుదించారు. ఆమె రాసే ఇంటి రికార్డు పుస్తకంలో, పిల్ల తల కొట్టుకోవడంలాంటి సంఘటనలు నెల మొత్తానికి రెండే ఉన్నాయి కనుక అంత థెరపీకి వైద్యపరమైన అవసరం కనిపించడం లేదట. మిగతాది తల్లి ఇంట్లో చూసుకోవచ్చట.

"తగ్గిస్తే మంచిదేగా, పిల్ల బాగుపడుతోందన్నమాట. ఎలాగూ నువ్వు ఇంట్లోనే ఉంటావు" అన్నాడు భర్త, బూట్ల లేసులు కట్టుకుంటూ. ల్యాబ్ ఉద్యోగం మానేసిన రోజు నుంచీ ఆమె వింటున్న మాటే అది. అత్తగారైతే బంగారంలాంటి పిల్లకి ఆటిజం అని లేని జబ్బు అంటగడుతున్నారని, తన కొడుకూ అయిదేళ్ల దాకా నోరు విప్పలేదని ఫోన్లో వారానికోసారి తేల్చేస్తుంది. విప్పాక మళ్లీ మూసింది ఎప్పుడని ఆమె లోలోపల అనుకుంటుంది.

అతను వెళ్లాక ఆమెకు కాలు నిలవలేదు. వంటింట్లోంచి బాల్కనీలోకి, బాల్కనీలోంచి వంటింట్లోకి తిరిగింది. రోడ్డు మీద చెయ్యి విడిపించుకుని పరిగెత్తకుండా ఆగడం పిల్లకి ఇప్పుడిప్పుడే నేర్పుతున్నారు. అది సగంలో ఆగిపోతే, ఏదో ఒక రోజు తన చెయ్యి జారితే? ఆ ఆలోచనను పూర్తిచెయ్యలేక మళ్లీ బ్లేడు అందుకుంది.

మధ్యాహ్నం థెరపిస్టు వచ్చింది. చిన్న వయసు అమ్మాయే, కుర్చీ వేసినా నేల మీదే కూర్చుంటుంది. అప్పీలుకి వారం గడువుందని చెప్పి రికార్డు పుస్తకం తిరగేసింది. ఏదైనా జరిగితే గడిలో రాయాలి, జరగకపోతే వదిలెయ్యాలి. అదీ పద్ధతి. పుస్తకం నిండా ఖాళీ గడులే.

"మంగళవారం ఏం జరగలేదా అక్కా?"

"లేదు."

"ఎందుకు జరగలేదు?"

ఆమె ఆ రోజు చేసినవన్నీ ఒక్కొక్కటే చెప్పింది. మంగళవారం మిక్సీకి దుప్పటి చుట్టి, బాల్కనీలోకి తీసుకెళ్లి తిప్పింది. కాలింగ్ బెల్ తీగ పీకేసింది. పక్కింటి కుక్క బయటికొచ్చే వేళకి పావుగంట ముందే పిల్లని పార్కుకి తీసుకెళ్లి తెచ్చేసింది. పళ్లెంలో ఒక పదార్థం ఇంకోదానికి తగలకుండా నాలుగు చిన్న గిన్నెల్లో పెట్టి తినిపించింది. తను స్నానం చేస్తున్నంత సేపూ తలుపు తెరిచే ఉంచి, పిల్లకి వినపడేలా అంకెలు లెక్కపెడుతూనే ఉంది. ఇంత చేసి గడి ఖాళీగా వదిలింది. ఆ ఖాళీని చూసి, ఈ ఇంట్లో చెయ్యడానికి పనేమీ లేదని వాళ్లు అనుకున్నారు. ఏడుపు వస్తుందనుకుంది గానీ ఒళ్లు మండింది.

"అవన్నీ రాయండక్కా" అంది థెరపిస్టు.

రాసింది. మొదటి రోజే నలభై మూడు పనులు తేలాయి. గడులు చాలక అంచుల్లో రాసింది, అంచులు చాలక కాగితాలు అంటించింది.

బీమా భర్త ఉద్యోగంతో వచ్చింది, కనుక ఫారంలో అతని సంతకం కావాలి. గడువు ముందు రోజు సాయంత్రం అప్పీలు ఫారం నింపుతూ ఆమె పాత దరఖాస్తు తీసి చూసింది. అది అతను నింపినదే. "ఇంట్లో శిక్షణ ఇవ్వగలవారు, వారానికి గంటలు" అన్నచోట అతని గుండ్రటి చేతిరాతలో ఉంది: "తల్లి, రోజంతా." ఆమెను అడగకుండానే రాసేశాడు.

ఆఫీసు నుంచి వచ్చాక అతను పుస్తకాన్ని నిలబడే చదవడం మొదలుపెట్టి, రెండో పేజీ దగ్గర కూర్చున్నాడు.

"ఇవన్నీ రోజూ చేస్తున్నావా?"

"రోజూ."

"మరి ఎప్పుడూ చెప్పలేదే?"

ఆమె పెన్ను అందుకుంది. కొత్త ఫారంలో అదే ప్రశ్న కింద "తల్లి: ఇప్పటికే పనిలో ఉంది" అని రాసింది. దాని కింద "తండ్రి" అని రాసి, పక్కన గంటల గడిని ఖాళీగా వదిలి, పెన్ను అతని చేతికిచ్చింది.

"ఇది మీరు నింపండి" అంది.