రెండో తరగతి గదిలో గొంతు

టీచర్ ట్రైనింగ్ కాలేజీలో ప్రాక్టీసు బళ్ళకి దరఖాస్తుల వారం వచ్చిందంటే చాలు, అమ్మాయిల ఇళ్ళల్లో ముసలివాళ్ళంతా మాయమైపోతారు. "ఇంట్లో మంచాన పడ్డవాళ్ళెవరైనా ఉన్నారా?" అని ప్రతి బడిలోనూ హెడ్‌మేడమ్ అడుగుతుంది. "లేరండీ" అని ప్రతి అమ్మాయీ చెబుతుంది. పొద్దున్నే నాన్నమ్మకి స్నానం చేయించి వచ్చిన అమ్మాయి కూడా అదే చెబుతుంది. అబ్బాయిల్ని ఈ ప్రశ్న ఎవరూ అడగరు.

అడగడానికి కారణం ఉంది. పాఠం మధ్యలో ఎవరో వచ్చి పిలిస్తే ఇంటికి వెళ్ళిపోయి, మళ్ళీ తిరిగి రాని టీచరమ్మ గొంతు ఆ గదిలోనే ఉండిపోతుంది. రోజూ అదే వేళకి అదే పాఠం మొదలుపెట్టి, ఆగిన చోటే ఆగుతుంది. గోడలకి సున్నం వేయించినా పోదు. మధ్యలో వెళ్ళిపోయిన మగ మాస్టర్లూ ఉన్నారు. వాళ్ళు వెళ్ళేది ప్రమోషన్ మీద కాబట్టి గొంతు భద్రంగా వెంట తీసుకుపోతారు.

స్నేహితులంతా పొడుగమ్మాయి అని పిలిచే పిల్ల కాలేజీ ఆఫీసు కిటికీ దగ్గరకి వెళ్ళేసరికి మంచి బళ్ళన్నీ అయిపోయాయి. గుమాస్తా కళ్ళజోడు పైకి తోసుకున్నాడు.

"రైలు గేటు అవతల బడి ఒక్కటే మిగిలిందమ్మా. రెండో తరగతి. గొంతున్న గది."

"ఉంటే ఉంది లెండి."

"ముందు అందరూ అలాగే అంటారు. పోయినేడు ఒకమ్మాయి వెళ్ళింది. ఆమె ఒక పాఠం, అది ఒక పాఠం. మార్కులెయ్యడానికి వచ్చిన లెక్చరర్ కాసేపు విని, గొంతుకి వేసి పోయాడు."

"బాగా చెప్పిందేమో."

"చెప్పింది. పాస్ చెయ్యాల్సింది ఎవరినన్నదే గొడవ." అతను దరఖాస్తు మీద ముద్ర కొట్టాడు. "హెడ్‌మేడమ్ చేత సంతకం పెట్టించుకురా. లేకపోతే ఏడాది పోయినట్టే."

ఇంటికి వెళ్ళేసరికి ముందు గదిలో కొత్త మంచం వేసి ఉంది. నాన్నకి అక్క, పొడుగమ్మాయికి మేనత్త, దాని మీద పడుకుని ఉంది. స్నానాల గదిలో జారి తుంటి విరగ్గొట్టుకుందట. నాన్న తన రంగుల దుకాణం మధ్యాహ్నం మూసేసి, భోజనం చేసి, పళ్ళు కుట్టుకుంటూ కూర్చున్నాడు.

"ఈ ప్రాక్టీసూ అదీ వచ్చే ఏడు చూసుకుందువుగాని. అత్తయ్యని చూసేవాళ్ళు కావాలి. మీ అమ్మకి మోకాళ్ళ నొప్పులు."

"మీరు చూడండి నాన్నా. మధ్యాహ్నాలు దుకాణం మూసే ఉంటుందిగా."

"నేనా? మగవాడిని, నాకేం తెలుసు?"

"మీ అక్కేగా."

"వాడు వద్దే తల్లీ," అంది అత్త మంచం మీంచి. "పొద్దున మంచినీళ్ళడిగితే, ఎక్కడుంటాయే అక్కా అని నన్నే అడిగాడు."

నాన్న వినిపించుకోలేదు. "మీ అమ్మ ఇష్టం కూడా అదే."

అమ్మ వంటింటి గుమ్మంలో నిలబడి తల అడ్డంగా ఊపింది. అమ్మ ఇష్టం చెప్పేటప్పుడు నాన్న ఎప్పుడూ అమ్మ వైపు చూడడు. అమ్మకి గొంతు లేదు. ఎవరినైనా పిలవాలంటే గరిటెతో గిన్నె అంచు మీద వెంటవెంటనే రెండు దెబ్బలు కొట్టి, ఆగి, ఇంకోటి కొడుతుంది. పెళ్ళయిన కొత్తలో టీచరుగా చేసేదని ఇంట్లో అందరికీ తెలుసు. ఏ బళ్ళో చేసేదో అడిగితే కాగితం మీద రాసి చూపించేదే. ఎవరూ అడగలేదు.

మర్నాడు రైలు గేటు అవతల బడిలో హెడ్‌మేడమ్ మంచాన పడ్డవాళ్ళ ప్రశ్న అడిగింది. పొడుగమ్మాయి నాలుక చివరకి వచ్చిన అబద్ధాన్ని మింగేసింది.

"ఉన్నారండీ. నిన్ననే వచ్చారు."

హెడ్‌మేడమ్ ఆమెను ఎగాదిగా చూసింది. "నిజం చెప్పిన పిల్లని చూసి చాలాకాలమైంది. పద, గది చూద్దువుగాని."

పిల్లలు అప్పటికే చేతులు కట్టుకుని నల్లబల్ల పక్కన ఖాళీ జాగా వైపు చూస్తూ కూర్చున్నారు. బల్ల మీద బెత్తం చప్పుడైంది. వెంటవెంటనే రెండు దెబ్బలు, ఆగి, ఇంకోటి. పొడుగమ్మాయి, ఇంట్లో పిలుపు విన్నట్టు, చటుక్కున అటు తిరిగింది.

"పిల్లలూ, ఇవాళ గడియారం చూడ్డం నేర్చుకుందాం," అంది గొంతు. ఇరవై ఏళ్ళ గొంతు, నవ్వు దాచుకుంటున్న గొంతు. "చిన్న ముల్లు గంటలు చెబుతుంది. ఏం చెబుతుంది?"

"గంటలు," అన్నారు పిల్లలు.

"శభాష్. ఇప్పుడు పెద్ద ముల్లు..."

అక్కడ ఆగింది. కుర్చీ జరిగిన చప్పుడు. వాకిట్లోకి వెళుతున్న చెప్పుల చప్పుడు. ఆ తరవాత ఏమీ లేదు.

"రోజూ ఇంతే," అంది హెడ్‌మేడమ్. "పై క్లాసుల్లో మేం ఎన్నిసార్లు చెప్పినా పెద్ద ముల్లు వీళ్ళకి ఎక్కదు. ఈ పేటలో ఎవరైనా ఆరింటికి వస్తానంటే ఏడు కొట్టేలోపు ఎప్పుడైనా రావచ్చు. వచ్చిన ట్రైనీలంతా దాని మీద అరుస్తారు. నువ్వు అరవకుండా, అది ఆగిన చోట అందుకుని పూర్తిచెయ్యి. చేస్తే సంతకం పెడతాను. రేపు రా."

ఇంటికి వచ్చి పొడుగమ్మాయి నేరుగా వంటింట్లోకి వెళ్ళింది.

"అమ్మా, నువ్వు పని చేసింది రైలు గేటు అవతల బళ్ళోనా?"

అమ్మ పొయ్యి కట్టేసింది. పాత పేపరు అంచు మీద పెన్సిలుతో రాసింది. *మీ నాన్నమ్మకి జ్వరం. ఒక్క వారమే అన్నారు.*

ఆ నాన్నమ్మ పొడుగమ్మాయికి బాగా గుర్తే. కోడలి సేవలో నిక్షేపంగా కోలుకుని, పొడుగమ్మాయి హైస్కూలుకి వచ్చేదాకా బతికింది.

మర్నాడు అమ్మ కూడా చెప్పులు వేసుకుంది. గదిలో గొంతు అప్పటికే చిన్న ముల్లు దగ్గరుంది. అమ్మ గుమ్మంలో అడుగు పెట్టగానే పాఠం ఆగిపోయింది.

"ఎవరమ్మా మీరు? పాఠం జరుగుతోంది. బయట కూర్చోండి."

పిల్లలు ఒకళ్ళ మొహాలు ఒకళ్ళు చూసుకున్నారు. ఆ గొంతు పాఠం కాక ఇంకో మాట అనడం ఎవరూ ఎరగరు. అమ్మ గుమ్మం పట్టుకుని చాలాసేపు నిలబడింది. నెరిసిన జుట్టు చెవి వెనక్కి సర్దుకుంది, తనని గుర్తుపట్టడానికి అదేమైనా సాయపడుతుందేమోనన్నట్టు. అమ్మ బయటికి పోలేదు. చివరి బెంచీ దగ్గరికి వెళ్ళి, వంగని మోకాళ్ళని పక్కకి పెట్టుకుని కూర్చుంది.

"ఇప్పుడు పెద్ద ముల్లు..." అంది గొంతు, ఆగింది.

పొడుగమ్మాయి అట్ట గడియారం పైకెత్తింది. "పెద్ద ముల్లు ఏం చెబుతుందో ఇప్పుడు చూద్దాం. ఇది చిన్న ముల్లుకంటే..."

"ఇక్కడున్నారా ఇద్దరూ?"

వాకిట్లో నాన్న. చొక్కా చేతికి పచ్చరంగు అంటుకుని ఉంది. "అక్క లేస్తానంటోంది. నాకెలా తెలుస్తుంది లేపడం? ఒకళ్ళు రండి. నువ్వు రావే, అమ్మకి చాతకాదు. ఎన్నాళ్ళని, ఒక్క వారమే."

కదులుతున్న పన్ను ఊడేముందు చిగుళ్ళలో తెలిసినట్టు, పొడుగమ్మాయికి గొంతులో ఏదో వదులవడం తెలుస్తోంది. తను ఇందాక అన్న "చిన్న ముల్లుకంటే" అన్న మాట నల్లబల్ల ముందు, తన నోటికి కాస్త దూరంలో, మళ్ళీ వినిపించింది. గడియారం బల్ల మీద పెట్టేసింది.

చెక్క మీద వేళ్ళ చప్పుడైంది.

"పాఠం అయ్యాక రండి."

పిల్లలు అలవాటుగా గోడ వైపు చూశారు. నాన్నా గోడ వైపే చూశాడు. ఆ గొంతు ఆయన విని ఎన్నేళ్ళయిందో, ముందు మొహం తెల్లబోయింది, తరవాత మెల్లగా తలతిప్పాడు. పిల్లలు కూడా తిప్పారు. చివరి బెంచీలో అమ్మ లేచి నిలబడి ఉంది. తెల్లజుట్టుకీ, ముడతలకీ ఏమాత్రం పొసగని ఇరవై ఏళ్ళ గొంతు ఆమె నోట్లోంచి వస్తోంది.

"మీ అక్క చంకల కింద చేతులు పెట్టి లేపండి. నడుం పట్టుకుని లాగకండి, నొప్పెడుతుంది."

"నేనా..." అన్నాడు నాన్న.

"మీరే."

ఆయన ఇంకేదో అనబోయాడు. అప్పుడు హెడ్‌మేడమ్ వచ్చి తలుపు ఓరగా వేసింది. నాన్న చెప్పుల చప్పుడు కాసేపు అక్కడే తచ్చాడింది. తరవాత వాకిలి దాటి గేటు వైపు పోయింది.

గది ఎంత నిశ్శబ్దంగా ఉందంటే, కొందరు పిల్లలకి భయం వేసి పక్కవాళ్ళ చేతులు పట్టుకున్నారు. నల్లబల్ల పక్కన ఖాళీ జాగా నిజంగానే ఖాళీగా ఉంది. అమ్మ కూర్చుంది.

"చెప్పమ్మా," అంది.

పొడుగమ్మాయి గడియారం తీసుకుంది. పెద్ద ముల్లు కదిపింది.

"ఇది నిమిషాలు చెబుతుంది," అంది.

మాట తన నోట్లోంచే వచ్చింది.